లేని గోడల ఇంజినీరు

లేని గోడలు కనిపించే మనిషిని నా జన్మలో ఒక్కణ్ణే చూశాను. మా ఊరికి సాంస్కృతిక కేంద్రం కట్టడానికి వచ్చిన ఇంజినీరు ఆయన. స్టేషను పక్క ఖాళీ స్థలంలో, కట్టబోయే భవనాన్ని ఉన్న కొలతకు ఉన్నట్టు సున్నంతో నేలమీద గీసి, ఆ గీత దాటినవాళ్ళందరితో తగువు పెట్టుకునేవాడు.

మాది పొద్దున్నే ఖాళీ అయ్యే ఊరు. ఏడింటి రైలు అందరినీ పట్నానికి ఎత్తుకుపోయి, సాయంత్రం వడలిన వంకాయల్లా దింపుతుంది. వాళ్ళందరికీ దగ్గరదారి ఆ ఖాళీ స్థలమే. దానికి అడ్డంగా ఈయన గోడలు.

"అయ్యా, గోడలోంచి వస్తున్నారు. తలుపు అటుంది," అన్నాడొకరోజు, పరుగెత్తే గుమాస్తాను ఆపి.

"రైలు ఇటుందండీ."

"తలుపులోంచి వెళ్ళినా ఆ రైలే ఎక్కుతారు."

మొదట్లో జనం పళ్ళు నూరారు. సున్నం ఇంజినీరని పేరు పెట్టారు. నెల తిరిగేసరికి, ఎండకు గొడుగేసుకొచ్చిన బ్యాంకు ఆఫీసరు తలుపు దగ్గర గొడుగు మూసి, హాలు దాటాక మళ్ళీ తెరవడం నా కళ్ళతో చూశాను.

వాన పడితే గోడలు కొట్టుకుపోయేవి. తెల్లారేసరికి ఆయన బకెట్టుతో హాజరు. నాటకాలాడే దర్జీ వచ్చి, ఈ తలుపులో మా తెరల పెట్టె పట్టదని గొణిగితే, గీతను చెప్పుకాలితో చెరిపి రెండడుగులు జరిపాడు. చాకలామె మెట్లు ఎక్కువన్నది. రెండు మెట్లు ఎగిరిపోయాయి. ఒకనాడు నన్ను రాతి మీద కూర్చోబెట్టి, నేల నుంచి మోకాలి దాకా టేపు పెట్టాడు.

"ఏం నాయనా, నాకేమైనా సంబంధం చూస్తున్నావా?" అన్నాను.

"పదిహేను అంగుళాలు," అని నవ్వకుండా రాసుకున్నాడు.

అన్నిట్లోకీ ప్లాట్‌ఫారం వైపు మూలగది నాకు నచ్చింది. తల్లిదండ్రులు రైలు దిగేదాకా మా వీధి పిల్లలు ఆరుగురూ నాతోపాటు స్టేషను మెట్ల మీద ఎండలో, వానలో కూర్చునేవాళ్ళు. ఎదురుచూసేవాళ్ళ కోసమే ఆ గది. అక్కడ పెద్ద కిటికీ వస్తుందన్నాడు. దిగేవాళ్ళంతా కనిపిస్తారు. ఎవరు ఎవరితో దిగారో కూడా.

సరిగ్గా ఆ గదినే తీసేయమన్నారు మునిసిపల్ చైర్మనుగారు. అక్కడ కారు ఆగడానికి పోర్టికో కావాలట. ప్రారంభానికి మంత్రి వస్తే మెట్ల మీద దిగుతాడా అన్నారు.

ఇంజినీరు కుదరదన్నాడు.

"ప్లాను మారుస్తావా, నిన్ను మార్చమంటావా?"

"నన్ను మార్చుకోండి. గది ఉంటుంది," అని బకెట్టు తెచ్చి, ఆ గది గోడలు మళ్ళీ గీశాడు. ఈసారి జానెడు మందాన.

మర్నాడు సాయంత్రం చైర్మనుగారు కాంట్రాక్టరును వెంటబెట్టుకుని, పోర్టికోకి కొలతలు తీయించడానికి వచ్చారు. అప్పుడే రైలాగింది. ఆయన తిన్నగా వచ్చి సున్నపు గీత మీద కాలు పెట్టారు. ఇంజినీరు నోరు తెరిచేలోపే బ్యాంకు ఆఫీసరు అందుకున్నాడు.

"అయ్యా, గోడ ఉందండీ."

"ఏ గోడయ్యా? ఇక్కడేముంది?"

రైలు దిగినవాళ్ళు దిగినట్టే వరసగా తలుపులోంచి వచ్చి ఆ గదిలో నిలబడ్డారు. గీత ఒక్కరూ తొక్కలేదు. పిల్లలతో నేను మధ్యలో చతికిలబడ్డాను.

"మేమున్నాం నాయనా. ఏం చెప్పినా తలుపులోంచి వచ్చి చెప్పు. వింటాం," అన్నాను.

చైర్మనుగారు జనాన్ని చూశారు. అంతమంది ఓటర్లను ఒక్కచోట ఎన్నికలప్పుడు కూడా చూసి ఉండరు. చెప్పులకంటిన సున్నం దులుపుకుని, చుట్టూ తిరిగి తలుపులోంచి వచ్చారు. తలుపులోంచి వచ్చినవాడు గది లేదని ఎలా అంటాడు? గది బాగానే ఉందని వెళ్ళిపోయారు.

భవనం లేచింది. ప్రారంభం రోజున ఇంజినీరుగారి భార్య నా పక్కన నిలబడింది. ఈ సున్నం పిచ్చితో ఇంకెన్ని ఊళ్ళను వేపుకు తిన్నాడమ్మా మీ ఆయన అనడిగాను.

"ముప్ఫై భవనాలు కట్టారు పిన్నిగారూ. నేల మీద గీసింది ఇదొక్కటే. మొదటి మీటింగులో ప్లాను కాగితం పరిస్తే, ఎవరో పెద్దావిడ ఇందులో వాకిలేది నాయనా అని అడిగిందట. అందరూ నవ్వారట. ఈయన ఇంటికొచ్చి, ఆవిడకు తెలియకపోతే తప్పు కాగితానిదే అన్నారు. మర్నాడే సున్నం బస్తాలు తెప్పించారు."

ఊరందరి ఆరాలూ తీసే నేను, ఆ పెద్దావిడ ఎవరని మాత్రం అడగలేదు.

వెళ్ళి కిటికీ పక్క బెంచీ మీద కూర్చున్నాను. ఈ ఊళ్ళో ఏ బెంచీ ఎక్కినా గాల్లో ఊగే నా పాదాలు రెండూ నేలకు ఆనాయి. కొలవక్కర్లేదు, పదిహేను అంగుళాలే.

కిటికీలోంచి చూస్తే బయట ఇంజినీరుగారు చైర్మనుగారి డ్రైవరుతో తగువులో ఉన్నాడు. ముందువైపు వేయబోయే తోట ఇంకా సున్నపు గీతే. కారు కంచెలోంచి వచ్చిందట.