అంచు దాచిన ఫొటో

ఓబుళమ్మ నేసిన చీరలను చిల్లులు పడిన చీరలని తిప్పి పంపారు. అంతటితో ఆగకుండా ఆమె దుకాణాన్నే మూసేశారు. మూసే ముందు ఆమెను ఒక్క మాట అడగలేదు. యాభై ఏళ్ళకు పైగా బట్టలు చూసిన కళ్ళు నావి. ఆ చీరల్లో ఒక్క లోపం లేదు.

కరోనా వెళ్ళిన రెండో ఏడు ఇది జమ్మలమడుగులో జరిగింది. దుకాణం అన్నానని గోడలూ షట్టరూ ఊహించుకోకండి. ఇంటర్నెట్‌లో ఒక పెద్ద అమ్మకాల వెబ్‌సైటు, అందులో ఆమె పేరు మీద నాలుగు పేజీలు, పేజీకొక రకం చీర. ఆ పేజీలు పెట్టింది నేనే. అందుకే ఈ సంగతి నేను రాయాల్సి వచ్చింది.

ఐదో తరగతితో బడి మానేసి ప్రొద్దుటూరులో బట్టల అంగట్లో చేరిన వాణ్ణి నేను. పరుపు మీద కూర్చుని చీరలు విప్పడం, మడవడం, వేలితో తడిమి నేత చెప్పడం నా పని. బట్టల బేళ్ళ మీది అక్షరాలు చూసి ఇంగ్లీషు నేర్చుకున్నాను. మోకాళ్ళు అరిగిపోయాయని పని మానేస్తే, ఇంక ఇంట్లో కూర్చోమన్నారు. ఆ మాట నాకు రుచించలేదు. పులివెందులలో ఎలిజబెత్ టీచర్ అని ఒకావిడ ఆన్‌లైన్ వ్యాపారం నేర్పుతుందని విని బస్సెక్కాను. ఆమె తాతల కాలం నుంచి మిషన్ బళ్ళలో పాఠాలు చెప్పిన కుటుంబం వాళ్ళది. గొంతు పెంచకుండానే ఎవరినైనా కూర్చోబెట్టగలదు. నన్ను ముందు బెంచీలో కూర్చోబెట్టింది. మిగిలిన వాళ్ళంతా నా వయసులో సగం కూడా లేరు.

అక్కడ నేర్చుకున్నది అంగడి లెక్కలోనే నాకు అర్థమైంది. లిస్టింగ్ అంటే చీరను పరుపు మీద పరచడం. ఫొటోలు, కొలతలు, నూలు వివరాలు, అన్నీ ఆ ఒక్క పేజీలోనే ఉండాలి. పేమెంట్ గేట్‌వే అంటే కొనేవాళ్ళ బ్యాంకుకూ మన బ్యాంకుకూ మధ్య నిలబడే నమ్మకమైన మనిషి. రిటర్న్ విండో అంటే నచ్చకపోతే ఎన్ని రోజుల్లోపల తిప్పి పంపవచ్చో చెప్పే గడువు. సెల్లర్ రేటింగ్ అంటే ఊళ్ళో మన అంగడికి ఉండే పేరు. ఊళ్ళో ఆ పేరు రావడానికి ముప్పై ఏళ్ళు పడుతుంది, పోవడానికి కూడా కొంత కాలం పడుతుంది. ఇక్కడ పోవడానికి మూడు ఫిర్యాదులు చాలు.

మొదటి రోజే టీచర్ ఒక మాట చెప్పింది, కొనేవాళ్ళు మీ ఎదురుగా లేరన్నది మరచిపోవద్దని. నోట్‌బుక్కులో రాసుకుని కింద గీత కూడా గీసుకున్నాను.

నేర్చుకున్నది ఎవరికైనా పనికి రావాలి కదా. ఓబుళమ్మ గుర్తొచ్చింది. జమ్మలమడుగులో ఇంట్లోనే గుంట మగ్గం, నేలలో గుంట తవ్వి అందులో కాళ్ళు పెట్టి నేసేది. భర్త ఎర్రగుంట్ల సిమెంటు లారీల మీద ఉంటాడు. మా అంగడికి చీరలిచ్చేది. అంగడివాళ్ళు మరమగ్గం సరుకు వైపు తిరిగాక ఆమె చీరలను అడిగే దిక్కు లేకుండా పోయింది. నేను ఆమె ఫోనులోనే దుకాణం తెరిచాను. పాత చేతివాటంతో చీరలు మడిచి, పైట పైకి వచ్చేట్టు పరిచి, ఫొటోలు తీశాను. ఒక నెలలో ఎనిమిది చీరలు పోయాయి. ఓబుళమ్మ కొత్త పడుగు ఎక్కించింది. పడుగంటే మగ్గం మీద పొడవునా సాగదీసి కట్టే దారాలు. ఒక పడుగు అయిపోయిందంటే నాలుగు చీరలు దిగినట్టు.

ఆ పడుగు సగంలో ఉండగా ఫిర్యాదు వచ్చింది. పూణేలో ఒకావిడ మిరపపండు రంగు చీర తిప్పి పంపింది. అది చూసి మరో ఇద్దరు. వెబ్‌సైటువాళ్ళు మూడు చీరలకూ డ్యామేజ్డ్ అని ముద్ర వేసి పేజీలన్నీ కనపడకుండా చేశారు. నేను జమ్మలమడుగు పోయేసరికి ఓబుళమ్మ మగ్గంలోనే కూర్చుని ఉంది.

"మామా, కండ్లు యాడ పెట్టుకోని చూసినారంట వాళ్ళు?" అంది. "ఇరవై రెండేండ్లు నేసినా. పెండ్లికి కట్టుకున్నోళ్ళు కట్టుకున్నారు, పోయినోళ్ళ మీద కప్పినోళ్ళు కప్పినారు. చిల్లుల చీరని ఒక్కరన్లేదు."

వాళ్ళతో నేను మాట్లాడతానన్నాను.

"నువ్వు మాట్లాడతావు సరే, వినేవాళ్ళు యాడుండారు?" అంది. అడ్డపోగు వేసే నాడెను పక్కన పెట్టింది. "ఈ పడుగు దిగితే ఇంగోటి ఎక్కించను మామా. గుంట పూడ్పిచ్చేస్తా. హాస్టల్లో వంటకు రమ్మంటాండారు, పోతా."

ఆ చిల్లులేమిటో చెప్పాలి. నేసేటప్పుడు బట్ట వెడల్పు ముడుచుకుపోకుండా అడ్డంగా ఒక బద్ద బిగిస్తారు. దాని రెండు కొనల్లో సూదులుంటాయి. అవి రెండు అంచుల్లో గుచ్చుకుని బట్టను బిగువుగా పట్టుకుంటాయి. కొంచెం నేయడం, బద్ద ముందుకు జరపడం. జరిపిన చోటల్లా సన్నటి సూది గుర్తులు మిగులుతాయి. చేతిమగ్గం చీర అని నిరూపించడానికి మేము అంగట్లో చూపించేదే ఆ గుర్తులు. సాక్ష్యాన్నే నేరం అన్నారు. నాకు ఒళ్ళు మండింది.

వెబ్‌సైటువాళ్ళకు నాకు వచ్చిన ఇంగ్లీషులో ఐదు జాబులు రాశాను. ఐదింటికీ ఒకటే జవాబు. మీ సహనానికి ధన్యవాదాలు అని. నాకు సహనం ఉందని వాళ్ళకెవరు చెప్పారో. అవి మనిషి రాసినవి కావని, ముందే రాసి పెట్టుకున్నవని టీచర్ చెప్పే దాకా నేను ఎవరో ఒక మూర్ఖుడి మీద కోపం పెంచుకుంటూనే ఉన్నాను. పూణే ఆవిడ మీద అంతకంటే కోపం. పార్సెల్ చీటీ మీద ఆమె అడ్రసు ఉంది. నాలుగు మాటలతో కడిగేస్తూ జాబు రాసి పోస్టులో పంపాలనుకున్నాను.

ఆ సంగతి చెబితే టీచర్ తల అడ్డంగా ఊపింది. ఆ అడ్రసు సరుకు చేరడానికే తప్ప జాబులకు కాదంది. తర్వాత ఫిర్యాదు చూపించమంది. నేను అందులో చిల్లులన్న మాట దగ్గరే ఆగిపోయాను, కింద చదవలేదు. ఆమె మిగిలింది చదివి తెలుగులో చెప్పింది.

"రెండు అంచుల పొడవునా చిన్న చిల్లులున్నాయి. అమ్మేవాళ్ళకు ఈ సంగతి ముందే తెలుసు. అందుకే ఒక్క ఫొటోలోనూ అంచు కనపడనీయలేదు."

నేను తీసిన ఫొటోలు మళ్ళీ తెరిచి చూశాను.

"పెద్దయ్యా, ఈయమ్మ చెప్పిందాంట్లో అబద్ధమేముంది?" అంది టీచర్.

"అవి చిల్లులు కావమ్మా, సూది గుర్తులు."

"అది నీకు తెలుసు. ఆయమ్మకు ఎవురు చెప్పినారు?"

"అంగట్లో అయితే చీర విప్పుతూ..."

"విప్పేదానికి నువ్వు ఆడ ల్యావు గదా పెద్దయ్యా."

బట్టల అంగట్లో ఒక పద్ధతి ఉంది. చీర మడిస్తే అంచులు లోపలికి పోవాలి, పైట పైకి రావాలి. ముందు పైట చూపించాలి. చూసేవాళ్ళ కన్ను నిలిచాక మడత విప్పాలి. విప్పుతూనే అంచు మీద వేలు పెట్టి, చూడమ్మా, ఇదీ చేతి నేతంటే, అని చెప్పాలి. యాభై ఏళ్ళు అదే చేశాను. ఫొటోకు కూడా అట్లే మడిచాను. నా మడత ఫొటోలోకి వచ్చింది, నా నోరు రాలేదు. పూణే ఆవిడ పార్సెల్ విప్పినప్పుడు ఆమె పక్కన వేలు పెట్టి చెప్పే మనిషి లేడు. మోసపోయాననుకుంది. ఆమె చోట నేనున్నా అట్లే అనుకునేవాణ్ణి.

పులివెందుల నుంచి ముద్దనూరు మీదుగా పోయే బస్సులో ఓబుళమ్మ ఇంటికి పోయాను. దారి పొడవునా ఆ మాట ఎట్లా చెప్పాలా అని ఆలోచించాను. చివరికి ఉన్నది ఉన్నట్టే చెప్పాను.

"నీ అంగడి మూతబడేట్టు చేసింది నేనే ఓబుళమ్మా. అంచు దాచి ఫొటో తీసినా."

ఆమె నేయడం ఆపలేదు. నాలుగు పోగులు వేసి, "అయితే తెరిచేది గూడా నువ్వే," అంది. "కూచోని ఫోను తీయి."

ఆ రోజు అంచులనే తీశాం. తెల్ల దుప్పటి మీద అంచు పరిచి, పక్కన సూదుల బద్ద పెట్టి ఒక ఫొటో. ఓబుళమ్మ బద్ద ఊడదీసి, ముందుకు జరిపి, మళ్ళీ గుచ్చుతుండగా చిన్న వీడియో. ఆ గుర్తులు ఎందుకు పడతాయో నాలుగు వాక్యాల్లో రాశాను. ప్రతి అమ్మకాల వెబ్‌సైటు పేజీ అడుగున ఫిర్యాదులు వినే అధికారి వివరాలుంటాయని, ఆయన్ని గ్రీవెన్స్ ఆఫీసర్ అంటారని టీచర్ చెప్పింది. ఆ అధికారికి జాబు నేను తెలుగులో రాస్తే ఆమె ఇంగ్లీషు చేసింది. చీరలో తప్పు లేదని రాశాను. ఫొటోలో తప్పు ఉందని, అది నాదని, నేసిన మనిషికి దానితో సంబంధం లేదని రాశాను. అడగకుండా మూయడం మాత్రం మీ తప్పని కూడా రాశాను. టీచర్ ఆ వాక్యం తీసేద్దామంది. నేను ఒప్పుకోలేదు. చివర, నేరుగా రాసే వీలు లేదు కాబట్టి ఈ జాబును ఫిర్యాదు చేసినావిడకు మీరే చేర్చండని కోరాను.

తర్వాత ఎదురుచూడటమే. ఓబుళమ్మ మూడో చీర దించింది, నాలుగోది మొదలుపెట్టింది. నేను వెళ్ళినప్పుడల్లా పడుగు పొట్టిదవుతూ కనపడేది.  తిప్పి పంపిన మిరపపండు రంగు చీరను ఆమె ఊళ్ళో ఎవరు అడిగినా ఇవ్వలేదు. మాట పడిన చీర, మాట తీరిందాకా ఇంట్లోనే ఉండనీ అంది.

నేను నేర్చుకున్నది చిన్నదే. ఎదుట లేని మనిషికి అమ్మేటప్పుడు, విప్పి చూపించాల్సింది ముందే విప్పి పెట్టాలి. నోటితో చెప్పే ప్రతి మాటా పేజీలోకి ఎక్కాలి. ఆ పాఠం మొదటి రోజే నోట్‌బుక్కులో రాసుకున్నాను. అర్థం కావడానికి ఒక మనిషి మగ్గం పూడిపోయే దాకా వచ్చింది. అడగకుండా మూయడం తప్పన్న మాట మాత్రం ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

జవాబు వచ్చేసరికి మగ్గం మీద జానెడు పడుగు మిగిలింది. గుంట పక్కన నిలబడి ఓబుళమ్మకు చదివి వినిపించాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని నాకు వచ్చినట్టు తెలుగు చేసి ఇక్కడ రాస్తున్నాను.

"అయ్యా, మీరు పంపిన ఫొటోలూ వీడియో చూశాము. అవి నేతలో పడే గుర్తులేనని ఒప్పుకుంటున్నాము. డ్యామేజ్డ్ అన్న ముద్ర తీసేశాము. ఓబుళమ్మ గారి దుకాణం ఈ రోజు నుంచి తెరిచి ఉంటుంది. మూసే ముందు ఆమెను అడిగి ఉండాల్సింది. మీరు కోరినట్టే మీ జాబును ఫిర్యాదు చేసినావిడకు పంపాము. ఆమె ఇచ్చిన జవాబు ఇది: ఆ మిరపపండు రంగు చీర ఇంకా ఉంటే మళ్ళీ కొంటాను. ఈసారి అంచు పైకి వచ్చేట్టు మడిచి పంపమనండి."