రెండో కోటు

పోయినేడు మమ్మల్ని వదిలి వెళ్లిన మా అన్నయ్య ఇళ్లకు రంగులు వేసేవాడు. గోడలకు ఎవరైనా వేస్తారు, పైకప్పుకు వేసేవాడే పెయింటరని అతని లెక్క. నిచ్చెనెక్కి, తల వెనక్కి వాల్చి, రోలరు పైకెత్తాడంటే ఇక లోకం పట్టేది కాదు. మొదటి కోటు ఎంత చక్కగా పట్టినా సరే, రెండోది వేయకుండా డబ్బాకు మూత పెట్టేవాడు కాదు.

కొలెస్ట్రాల్ ఎక్కువుందని డాక్టరమ్మ ఒక మాత్ర రాసింది. బుద్ధిగా వేసుకునేవాడు. ఇంతలో ఎవరింట్లోనో వంటగదికి రంగు వేస్తుంటే, ఆ ఇంటావిడ తను వాడే గుళికల గురించి చెప్పింది. పులియబెట్టిన ఎర్ర బియ్యంతో చేస్తారట, ఒంట్లో కొవ్వును ఊడ్చేస్తాయట. సాయంత్రానికల్లా ఒక సీసా ఇంటికొచ్చింది.

"డాక్టరమ్మతో ఒక మాట అనొచ్చుగా," అంది వదిన.

"మందయితే అంటాను. ఇది బియ్యమేగా. ఆవిడ మాత్ర మొదటి కోటు, ఇది రెండోది."

"నీ గుండె ఏమన్నా గోడా?"

"గోడకంటే గట్టిది. ఇన్నేళ్లూ నిన్ను భరించలా?"

కొన్ని వారాలకు తొడలూ భుజాలూ సలపడం మొదలైంది. అన్నయ్య ముందు పరుపును తిట్టాడు, తర్వాత నిచ్చెనను. సరిగ్గా అప్పుడే, ఎప్పటినుంచో కలలుగన్న పని చేతికొచ్చింది: గ్రంథాలయంలో చదువుకునే గది పైకప్పు. సగం కూడా కాకముందే రోలరు పట్టిన చెయ్యి దానంతటదే కిందికి వాలిపోయింది. తనతోపాటు పనిచేసే బావమరిదిని, వదిన తమ్ముణ్ణి, పైకెక్కించి, తను కిటికీ చెక్కలకు రంగు వేస్తూ కూర్చున్నాడు.

"ఇక పైకప్పులు నీవేరా," అన్నాడు, తలెత్తకుండా.

ఆ రాత్రి వదినతో, మూత్రం ముదురు తేనె రంగులో వస్తోందన్నాడు. ఛాయల విషయంలో అన్నయ్య పొరబడడు. తెల్లారగానే వదిన సీసాను సంచిలో పడేసుకుని, అతన్ని ఆసుపత్రికి లాక్కెళ్లింది. నేనూ వెంట వెళ్లాను.

"ఇంకేమైనా వాడుతున్నారా?" అడిగింది డాక్టరమ్మ.

"ఏమీ లేదండీ."

వదిన సీసా తీసి బల్లమీద పెట్టింది. "రెండో కోటండీ," అంది.

డాక్టరమ్మ సీసా తిప్పి చూసింది. "ఇందులో ఉన్నదీ, నేనిచ్చిన మాత్రలో ఉన్నదీ ఒకే జాతి మందండీ. రెండూ కలిసి మీ కండరాలను కరిగిస్తున్నాయి. ఇంకా ఆలస్యమైతే కిడ్నీలకు ముప్పు."

"బియ్యంలో మందేంటండీ?"

"ఉంది మరి. ఆకు, వేరు, బియ్యం, ఏదైనా సరే, మందుతోపాటు వాడేటప్పుడు నాకు చెప్పాలి."

రెండూ ఆపించి, రక్తం పరీక్షించి, ఆసుపత్రిలో ఉంచి సెలైన్ ఎక్కించారు. కండరాలు తేరుకున్నాక, కొలెస్ట్రాల్‌కు వేరే మాత్ర ఇచ్చారు. చేతులు మాత్రం మెల్లగా దారికొచ్చాయి. ఒకరోజు బావమరిది ఇంటికొచ్చి, మెడ చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

"పైకప్పులో మధ్య భాగం వదిలేశాను బావా. నా మెడ పట్టేసింది."

వాడి మెడ నిక్షేపంలా ఉందని అందరికీ తెలుసు. అన్నయ్యకూ తెలుసు.

మర్నాడు గ్రంథాలయంలో వదిన నిచ్చెన పట్టుకుంది. అన్నయ్య ఒక్కో మెట్టూ ఎక్కి, రోలరు పైకెత్తాడు. మేము కింద నిలబడి చూస్తున్నాం. చెయ్యి వాలలేదు. మధ్యాహ్నం దాటినా దిగలేదు.

"అన్నం తిని ఎక్కుదువుగానీ, దిగు," అంది వదిన.

"నేను దిగుదామనే చూస్తున్నానే. ఈ చేతులే కిందికి రామంటున్నాయి."