మహేందరన్న సంతకం గిటార్

మా అన్న మహేందర్‌ను పొలంలో చూసినవాళ్లు అతను గిటార్ వాయిస్తాడంటే నమ్మరు. మోకాళ్ల దాకా బురద, తలకు తువ్వాల, చేతిలో పార. అదే మనిషి సాయంత్రం స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని, ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర ప్రమీలక్క జీపు ఎక్కితే పక్కింటివాళ్లే ఒక నిమిషం ఆగి చూస్తారు.

ప్రమీలక్క పాటలు పాడుతుంది, ఆర్కెస్ట్రా ఆమెదే. సాయిలు రిథమ్ ప్యాడ్ వాయిస్తాడు. కామారెడ్డి, బాన్సువాడ, పిట్లం వైపు పెండ్లి రిసెప్షన్లకు వీళ్లను పిలిచేవారు. అన్న గిటార్ నేర్చుకున్నది కామారెడ్డిలో, ఇంటర్ చదవడానికి గది తీసుకున్నప్పుడు, పక్క గదిలో ఉన్నాయన దగ్గర. ఇంటర్ తప్పాడు, గిటార్ వచ్చింది. ఒకదానికి ఫీజు కడితే ఇంకోటి వచ్చిందని బాపు అందరికీ చెప్పి నవ్వేవాడు.

అన్న పాత గిటార్ నల్లది. ఒకసారి జీపులోంచి జారి పక్క చెక్క పగిలితే, ఫెవికాల్ పెట్టి సైకిల్ ట్యూబుతో చుట్టి ఆరబెట్టాడు. చూడటానికి బాగుండేది కాదు. మోత మాత్రం మంచిది, వంటింట్లో ఉన్న నాకు కూడా ఒక్కో తీగ వేరుగా వినిపించేది. నేను ఎనిమిదితో బడి మానేసి ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నాను కాబట్టి, అన్న కొత్త పాట సాధన చేస్తే మొదట వినేది నేనే.

2012 వానాకాలంలో అన్న తీగల కోసం కామారెడ్డి స్టేషన్ రోడ్డులో హరిచంద్ సేటు దుకాణానికి వెళ్లాడు. వచ్చాక అన్నం ముందు కూర్చుని కూడా తినలేదు. సేటు అద్దాల బీరువాలో ఒక కొత్త గిటార్ పెట్టాడట. ఆ కంపెనీ పెట్టి ఇరవై ఐదేళ్లయిన గుర్తుగా నూరు మాత్రమే చేశారట. బొంబాయిలో పేరు మోసిన వాయిద్యకారుడు ఒకాయన ప్రతి గిటార్ మీద వెండిరంగు పెన్నుతో సంతకం పెట్టాడట. లోపల ఆ సంగతి అచ్చువేసిన చీటీ కూడా ఉందట. ఇప్పుడు కొని పెట్టుకుంటే పదేళ్లకు ధర ఎక్కడికో పోతుందని సేటు చెప్పాడట.

మోత మన దానికంటే బాగుందా అని అడిగాను.

అన్న కంచం పక్కకు జరిపాడు. "మోత మన దాని లెక్కనే ఉన్నది. కని ఆ సంతకం నువ్వు చూడాలె" అన్నాడు.

వారం తిరగకముందే యాసంగి పంట మక్కలు అమ్మితే తన వంతుకు వచ్చిన పైసలు, పైన నల్ల గిటార్ ఇచ్చి దాన్ని తెచ్చాడు.

గిటార్ అందమైనదే. తేనె రంగు చెక్క, గుండ్రటి రంధ్రం చుట్టూ ముత్యపు చిప్పతో పూలతీగ, కింద వంకరటింకరగా మెరిసే సంతకం. అన్న సబ్బుతో చేతులు కడుక్కుని పెట్టె తెరిచేవాడు. చూసి, మూసి, తాళం వేసేవాడు. వాయించడం మాత్రం లేదు. చెమట తగిలితే సంతకం పోతుందట. పెండ్లిలో వాయించాలంటే తీగల కింద పికప్ బిగించాలి, అప్పుడే స్పీకర్లలో వినిపిస్తుంది. పికప్ పెట్టాలంటే చెక్కకు రంధ్రం చేయాలి. రంధ్రం పడితే ధర పడిపోతుందట.

శ్రావణంలో పెండ్లిళ్లు మొదలయ్యాయి. అన్న ఒకదానికి జ్వరం అన్నాడు, ఒకదానికి నాట్లు అన్నాడు. సాయిలు ఇంటికి వచ్చి, "సంతకం వాయిస్తవా, తీగెలు వాయిస్తవా అన్నా? ఏదో ఒకటి చెప్పు" అని పోయాడు. చివరికి ప్రమీలక్కే వచ్చింది. చాయ తాగి, చల్లగా చెప్పింది. దసరా దాటగానే కామారెడ్డిలో పెద్ద రిసెప్షన్ ఉంది. గిటార్ తీసుకుని వస్తే సరే, లేకపోతే నిజామాబాద్ నుంచి ఒకతను వస్తానంటున్నాడు, ఇక ఎప్పటికీ అతన్నే పెట్టుకుంటుంది.

ఆమె వెళ్లాక అన్న గడపలో కూర్చుని చేతులు చూసుకుంటున్నాడు. ఎడమచేతి వేళ్ల కొసలు ఏళ్లుగా తీగలు నొక్కి గట్టిపడి ఉండేవి. ఇప్పుడు నా వేళ్లంత మెత్తగా అయ్యాయి. నేను చూశానని గమనించి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. పొలం పని ఎవరు చెప్పినా చెప్పకున్నా చేస్తాడు. కాని జీపు ఎక్కేటప్పటి ఆ మనిషి లేకపోతే మా అన్నలో సగం పోయినట్టే. అది అతనికీ తెలుసు. అయినా పెట్టె తాళం తీయలేకపోయాడు.

దసరా పొద్దున అన్న, బాపు జమ్మి ఆకు, బంతిపూలు తేవడానికి పోయారు. మా అమ్మ నర్సవ్వ, మేము అవ్వ అంటాం, పనిముట్లన్నీ వాకిట్లో వరసగా పెట్టింది. కొడవళ్లు, పారలు, గడ్డపార, మందు కొట్టే పంపు, నా కుట్టుమిషను. పూజకు మురికి వస్తువు పెట్టకూడదని అన్నిటినీ కిరోసిన్ గుడ్డతో తుడిచింది. నేను లోపల గారెలు వేయిస్తున్నాను. బయటికి వచ్చేసరికి అన్న చొక్కా జేబులోని చెవితో తాళం తీసిన పెట్టె, అవ్వ ఒడిలో గిటార్ ఉన్నాయి. వాడిది వాయించే పని, దానికి బొట్టు పెట్టకపోతే ఎట్లా అని నన్నే అడిగింది. తేనె రంగు చెక్క తళతళలాడుతోంది. ముత్యపు పూలతీగ ఉంది. సంతకం లేదు. ఆమె అప్పటికే పసుపు రాసి, అయిదు కుంకుమ బొట్లు పెట్టి, పంపుకూ మిషనుకూ మధ్యన ఆనించింది.

అన్న పూల సంచితో వచ్చి అక్కడే నిలబడిపోయాడు.

"అవ్వా, ఈడ రాసింది ఉండె."

"ఆ, ఎవలో గీకిండ్రు. నీళ్లతోని తుడిస్తే పోకపాయె. గ్యాస్‌నూనె పెట్టి రుద్దితే పోయింది" అంది అవ్వ. "కొనేటప్పుడు చూసుకోవద్దా కొడుకా?"

బాపు గోడవైపు తిరిగాడు. భుజాలు నవ్వుతో కదులుతున్నాయి.

అన్న గిటార్ మీద చెయ్యి వేయబోతే అవ్వ ఆ చేతి మీద ఒకటి కొట్టింది. బొట్టు పెట్టిన పనిముట్టును మరునాడు పొద్దున దాకా ముట్టరాదు, పనికి వాడరాదు. అది ఎవరికైనా ఒకటే. దాంతో అన్న ఆ రోజంతా గిటార్ చుట్టూ తిరుగుతూ, వంగి చూస్తూ గడిపాడు. జమ్మి ఆకు చేతిలో పెట్టడానికి వచ్చిన ప్రతివాళ్లూ ఏమైందని అడిగారు, అవ్వ ప్రతివాళ్లకూ చెప్పింది. సాయిలు వచ్చి చూసి నేల మీద చతికిలబడి నవ్వాడు.

"నీ కాపలా అయిపోయిందే అన్నా. ఇగ డ్యూటీకి రా" అన్నాడు.

మాపటికి అన్న మెల్లగా అవ్వకు అసలు సంగతి చెప్పాడు. అవ్వ బాధపడింది. గిటార్ తీసుకుపోతే ఆయన మళ్లీ రాస్తాడా అని అడిగింది. ఆయన ఎక్కడుంటాడో, ఎవరికి దొరుకుతాడో అన్న చెప్పాడు.

"మనింటికి రాడు, మన మొకం ఎరుగడు. గసుంటోని పేరు నీ సామాను మీదెందుకురా? నీ పేరు రాసుకో" అంది.

అన్న నవ్వాడు. శ్రావణం నుంచి అతను అట్లా నవ్వడం నేను చూడలేదు.

మరునాడు తెల్లవారగానే వాకిట్లో ఎండలో కూర్చుని వాయించడం మొదలుపెట్టాడు. మొదట తీగలు తప్పాయి. వేళ్లు నొప్పి పుట్టి మధ్యమధ్య విదిలించుకున్నాడు. అవ్వ గిన్నెలు తోముతూ తోముతూ ఆగి వింది. ఆ రోజే సాయిలుతో కలిసి కామారెడ్డి పోయి పికప్ బిగించమన్నాడు. హరిచంద్ సేటు కళ్లజోడు పెట్టుకుని సంతకం కోసం అటూ ఇటూ తిప్పి చూసి తల పట్టుకున్నాడట. అయినా లోపలి చీటీ ఉంది, బీరువాలో పెట్టుకొమ్మన్నాడట. తన చేత్తో మాత్రం రంధ్రం చేయనన్నాడట. డ్రిల్ తీసుకుని అన్నే చేశాడు.

ఆ రిసెప్షన్‌లో పెండ్లిపిల్లవైపువాళ్లు మాకు చుట్టాలు. అవ్వా నేనూ పోయాం. అన్న వస్తాడని ప్రమీలక్క నమ్మలేదేమో, నిజామాబాద్ అతన్ని కూడా రమ్మంది. అతను పక్కన కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మూడో పాట అయ్యేసరికి అతనే తాళం వేయడం మొదలుపెట్టాడు. నాలుగో పాటకు ప్రమీలక్క అతన్ని భోజనానికి పొమ్మంది. నేను ఆడవాళ్ల కుర్చీల్లో చివరన ఉండి చూస్తున్నాను. అన్న మోచేతి చెమటంతా గిటార్ మీద కారుతోంది. తుడవలేదు.

మధ్యలో ఆగినప్పుడు ఒక కాలేజీ అబ్బాయి వచ్చి గుండ్రటి రంధ్రంలోంచి లోపలి చీటీ చదివాడు. ఇట్లాంటివి కొనవచ్చా అని అడిగాడు.

"ముందుగాల వాయించి చూడు. నీ పాతదాని కంటె మోత మంచిగుంటె కొను" అన్నాడు అన్న. "సంతకం కొరకైతే అద్దాల బీరువా ఉన్నోళ్లకు ఇడిసిపెట్టు. మీ ఇంట్ల దసరా చేస్తరా?"

"చేస్తం అన్నా."

"అయితే అసలే కొనకు."

అబ్బాయికి అర్థం కాలేదు. మా అవ్వకు అర్థమై, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రమీలక్క అప్పటికే మైకు పట్టుకుని, వచ్చే వారం బాన్సువాడ పెండ్లికి తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించి పెట్టుకొమ్మని అన్నకు చెబుతోంది.