గిద్దె తిండి తూచిన చెయ్యి

మా గిద్దె దుకాణం మెట్టు మీద మొక్కుతున్నట్టు వంగిన రోజున నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

గిద్దె మా కుక్క. ధాన్యం కొలతల్లో అన్నిటికన్నా చిన్నది గిద్దె. తెచ్చిన రోజున అంతే ఉందని మా ఆయన ఆ పేరు పెట్టాడు. ఏడేళ్లలో అది మానికెడు దాటిపోయింది, పేరు మాత్రం అదే. బాన్సువాడలో మాది కిరాణా దుకాణం. పొద్దున షట్టర్ ఎత్తగానే అది మెట్టు మీదికి వచ్చి కూర్చుంటుంది.

ఆ రోజు కూర్చోలేదు. ముందు కాళ్లు చాపి, రొమ్ము నేలకు ఆనించి, నడుము పైకెత్తి అట్లాగే ఉండిపోయింది. పిట్లం బస్సు దిగి సామాన్లకు వచ్చిన ఆమె చూసి, "అక్కా, మీ కుక్కకు భక్తి ఎక్కువైంది, సూడు ఎట్ల మొక్కుతుందో" అంది.

"బోణీ కాలేదని మొక్కుతుంది. జెర ఎక్కువ కొను, పుణ్యమొస్తది" అన్నాను.

ఆమె రెండు కిలోల కందిపప్పు తీసుకుంది. నేను సంబరపడ్డాను. అది మొక్కు కాదని, కడుపునొప్పికి కుక్కలు అట్లా వంగుతాయని నాకు తెలియదు. మధ్యాహ్నానికి పచ్చగా వాంతులు మొదలయ్యాయి. పొట్ట మీద చెయ్యి వేస్తే మూలిగింది. కొవ్వు ముక్క చూపిస్తే తల తిప్పుకుంది. అప్పుడు భయమేసింది, ఎందుకంటే కొవ్వు వద్దన్న గిద్దెను నేను ఎన్నడూ చూడలేదు.

ఆ కొవ్వు సంగతి చెప్పాలి. నేను దుకాణాల్లో పుట్టి పెరిగినదాన్ని. కొసరు అడగకుండా ఏ కొట్టు నుంచీ ఇంటికి రాను. మటన్ కొట్టులో అరకిలో తీసుకుంటే, "అన్నా, మా కుక్కకేం ఇయ్యవా?" అని అక్కడే నిలబడతాను. అతను విసుక్కుంటూ గంపలోంచి కొవ్వు, తోలు ఇంత తీసి కవర్లో వేస్తాడు. మేం కొనని రోజున కూడా అటు పోతూ పలకరించి తెచ్చేదాన్ని. బాన్సువాడ మొత్తంలో నా కుక్క తిన్నంత కొవ్వు ఇంకో కుక్క తిని ఉండదని, అదీ ఊరికే తిన్నదని నాకు గర్వం.

ఆటోలో పశువుల దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు వాంతులకు ఇంజెక్షన్ ఇచ్చి, పొట్ట నొక్కి చూసి, "ఇది మామూలు అజీర్తి లెక్క లేదమ్మా. బ్లడ్ టెస్ట్, స్కానింగ్ కావాలి. ఆలస్యం చెయ్యకుండా నిజామాబాద్ పొండి" అన్నాడు. కారు కిరాయికి మాట్లాడుకున్నాం. గిద్దెను పాత తువ్వాలులో చుట్టి మా అత్తమ్మ ఒళ్లో పెట్టుకుంది. ఎవరూ అడగలేదు, తనే ఎక్కి కూర్చుంది.

నిజామాబాద్‌లో డాక్టరమ్మ చిన్న వయసుదే. "ఏం తింటుంది?" అని అడిగింది. నేను గొప్పగా చెప్పుకొచ్చాను. పాలన్నం, పెరుగన్నం, కోడి తోలు, మటన్ కొవ్వు. ఆమె రాయడం ఆపింది.

"కొవ్వు రోజూ పెడతారా?"

"రోజూ ఎక్కడ డాక్టరమ్మా, వారానికి నాలుగుసార్లే."

స్కానింగ్ అయ్యాక ఆమె కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. "ఇది పాంక్రియాస్. కొవ్వు అరిగించే రసం దీంట్లోంచి వస్తుంది. ఇప్పుడు ఇది వాచింది, ఆ రసం దీన్నే తినేస్తోంది. ఆ రసంలో ఉండే లైపేజ్ రక్తంలో చాలా ఎక్కువగా ఉంది. పాంక్రియాటైటిస్ అంటారు. ఐదు రోజులు అడ్మిట్ చెయ్యాలి. సెలైన్, నొప్పి ఇంజెక్షన్లు."

నోరు ఊరుకుంటుందా? "దూరంకెళ్లి వచ్చినం, మూడు రోజులకు చెయ్యండి" అన్నాను.

ఆమె కోపం తెచ్చుకోలేదు. "బేరం నాతో కాదమ్మా, ఆ పాంక్రియాస్‌తో ఆడండి. అది ఒప్పుకుంటే మూడు రోజులకే పంపిస్తా."

అది ఒప్పుకోలేదు. ఆరు రోజులు పట్టింది.

ఇంటికి పంపేటప్పుడు చీటీ ఇచ్చింది. తోలు తీసిన చికెన్ నీళ్లలో ఉడికించి, అన్నంలో కలిపి, రోజుకు నాలుగుసార్లు కొద్దికొద్దిగా. తర్వాత మెల్లగా తక్కువ ఫ్యాట్ ఉన్న డాగ్ ఫుడ్. పాలు, నూనె, ఎముకలు, బిస్కెట్లు బంద్. ప్రతి పూటకూ ఎన్ని గ్రాములో రాసింది. "కళ్లతో అంచనా వెయ్యొద్దు, తూచి పెట్టండి" అంది.

"తూకం గురించి నాకు చెప్తున్నరా డాక్టరమ్మా?" అని నవ్వాను. అది నా రెండో తప్పు నవ్వు.

ఇంటికొచ్చాక అసలు యుద్ధం మొదలైంది. దుకాణం అంటే ఊరందరి వాకిలి. వచ్చినవాళ్లంతా గిద్దెకు ఏదో ఒకటి విసిరి పోయేవాళ్లే. "కుక్కకు ఏమీ పెట్టవద్దు" అని అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి కట్టాను. దాన్ని పైకి చదివి, "బిస్కెట్ కూడానా అక్కా?" అని అడిగేవాళ్లు. వర్ని నుంచి వచ్చే ఒకాయన, "గంత బక్కగైంది, పాపం తగుల్తది మీకు" అని నన్నే తిట్టి పోయాడు. పసుపు నీళ్లు తాపమని ఒకరు, వెల్లుల్లి పెట్టమని ఒకరు. వెల్లుల్లి కుక్కకు విషమని డాక్టరమ్మ చెప్పిందంటే, "ఆ డాక్టర్లకేం తెల్సు" అన్నారు. మా ఆయన అయితే టీలో ముంచిన టోస్టు కిందికి జారవిడిచి, "చెయ్యి జారింది" అనేవాడు. రోజూ అదే వేళకు జారేది. ఆ టోస్టు అతనికి కూడా బంద్ చేశాను.

ఇంత కాపలా కాసినా మూడు వారాలకే మళ్లీ వాంతులు. మళ్లీ నిజామాబాద్, మళ్లీ సెలైన్. తగ్గింది, వచ్చాం. ఇంకో నెలకు మళ్లీ అట్లాగే వంగి నిలబడింది. ఈసారి చూసినవాళ్లెవరూ నవ్వలేదు.

మూడోసారి వాంతిని డాక్టరమ్మకు చూపించాను. "పల్లీ ముక్కలున్నాయి" అంది. "పల్లీల్లో నూనె ఎంత ఉంటుందో మీకు తెలుసు కదా. ఎవరో పెడుతున్నారు. ఈసారి గట్టెక్కుతుందేమో గానీ, ఇంకోసారి వస్తే నేను మాట ఇవ్వలేను. దీని ఒంట్లో ఇంక బలం లేదు."

"మా అత్తమ్మ" అన్నాను వెంటనే. అత్తమ్మ పక్కనే ఉంది.

అట్లా ఎందుకన్నానో చెప్పాలి. అత్తమ్మది బిగుతు చెయ్యి. ఆమె తూకం వేస్తే ఒక్క గింజ ఎక్కువ పోదు. ముల్లు నిలిచాక కూడా రెండు గింజలు వెనక్కి తీసేది. గిరాకీలు గొణుగుతున్నారని నేనే ఆమెను కాంటా దగ్గర నుంచి లేపి, లోపల కూర్చోబెట్టాను. ఆ కోపం గిద్దె మీద తీర్చుకుంటోందని నా మనసులో పడింది. ఇప్పుడు రాస్తుంటే ఎంత పిచ్చి లెక్కో తెలుస్తోంది. ఒక్క గింజ వదలని మనిషి కుక్కకు పల్లీలు ఎందుకు పోస్తుంది?

తిరిగి వచ్చేటప్పుడు కారులో ఆమె ఒకే ఒక్క మాట అంది. "నాకు పండ్లు ఊడి తొమ్మిదేండ్లాయె. పల్లీలతోని నాకేం పని, సుజాతా?" 

గిద్దె ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున అత్తమ్మ లోపలి నుంచి స్టూలు తెచ్చుకుని కాంటా పక్కన వేసుకుంది. నేను పట్టించుకోలేదు. గిద్దె తిండి గిన్నె కాంటా మీద పెట్టాను. అంకె చూసుకుంటూ పోశాను. ఒక్క గ్రాము తేడా లేదు. గిన్నె కింద పెట్టాను.

అత్తమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఇగో, దొంగ దొరికింది" అంది.

చూసుకుంటే నా చెయ్యి పల్లీల డబ్బాలోంచి బయటికి వస్తోంది. అరచేతిలో నాలుగైదు పల్లీలు ఉన్నాయి. కింద గిద్దె గిన్నె వైపు చూడటం లేదు. ఆ డబ్బా దగ్గరే కూర్చుని, నా చేతికేసి చూస్తూ నాలుకతో మూతి తుడుచుకుంటోంది. దానికి ఎప్పుడో తెలుసు. తెలియనిది నాకే.

మా నాన్న దుకాణంలో ఎనిమిదేళ్లప్పుడు నేర్చుకున్న పని ఇది. సామాను తూచి ఇచ్చాక వెంట వచ్చిన పిల్లల చేతిలో నాలుగు పల్లీలు వెయ్యాలి. "తూకం దుకాణానిది బిడ్డా, కొసరు మనది" అనేవాడు. నలభై ఏళ్లుగా కాంటా మీద నుంచి ఏది దించినా ఈ చెయ్యి నన్ను అడగకుండానే ఆ డబ్బాలోకి పోతోంది. అంతకుముందు రోజు ఎవరైనా ఒట్టు వెయ్యమంటే, పల్లీలు పెట్టలేదని అమ్మవారి ముందు వేసి ఉండేదాన్ని.

"అత్తమ్మా, తప్పయింది" అన్నాను.

"నాకెందుకు చెప్తవ్. దానికి చెప్పు" అంది, నా పిడికిలి విప్పి పల్లీలు ఏరుకుంటూ. ఏరి, లెక్కపెట్టి, మళ్లీ డబ్బాలో వేసింది.

ఏడాది దాటింది. గిద్దెకు మళ్లీ ఆ నొప్పి రాలేదు. పోయిన నెల టెస్టులో లైపేజ్ దారికొచ్చింది. "కానీ జీవితాంతం ఇదే డైట్" అంది డాక్టరమ్మ. చెయ్యి వేస్తే పక్కటెముకలు తగులుతున్నాయి, ఉండాల్సింది అట్లాగేనట. "పాపం తగుల్తది" అనేవాళ్లు ఇంకా అంటూనే ఉన్నారు. అట్ట వర్షానికి తడిసి రెండుసార్లు మార్చాను, బిస్కెట్ సంగతి ఇంకా అడుగుతూనే ఉన్నారు. విసుగు నాకు తగ్గలేదు, తగ్గుతుందన్న ఆశ కూడా లేదు. గిరాకీలకు కొసరు మానలేదు. గిద్దెను చూసి చెయ్యి డబ్బాలోకి పోతే మాత్రం ఆ పల్లీలు నా నోట్లోనే వేసుకుంటున్నాను. నా లైపేజ్ ఇంకా ఎవరూ చూడలేదు.

కుక్కకు గానీ పిల్లికి గానీ డాక్టరు డైట్ రాసిస్తే నేను చెప్పగలిగింది ఒక్కటే. పూటపూటా తూచొద్దు. రోజు మొత్తం తిండి పొద్దునే ఒక్కసారి తూచి మూత ఉన్న డబ్బాలో పోయండి. ముద్దు చేయాలన్నా, కొసరు పెట్టాలన్నా, ఎవరి చెయ్యి అయినా ఆ డబ్బాలోంచే తియ్యాలి. అది అయిపోతే ఆ రోజుకు అయిపోయినట్టే. ఆ తూచే పని మాత్రం ఇంట్లో అందరికన్నా పిసినారి చేతికి అప్పగించండి.

మా ఇంట్లో అది అత్తమ్మ చెయ్యి. పొద్దున కాంటా మళ్లీ ఆమెదే. ముల్లు పోయి అంకెలొచ్చినా, అంకె నిలిచాక ఇప్పటికీ రెండు గింజలు వెనక్కి తీస్తుంది. నేను డబ్బాలో చెయ్యి పెట్టబోతే వేళ్ల మీద ఒక్కటి వేస్తుంది. కొట్టించుకుంటాను.