పెళ్లి భోజనం తిన్న సాక్షి

ఎమర్జెన్సీ పోయింది, హక్కులన్నీ తిరిగొచ్చాయంటున్నారు. అవి అనంతగిరి ఘాటీ ఎక్కినట్టు మాత్రం లేదు.

ఈ రోజు అక్కడి క్యాంపు కోర్టులో నా క్లయింటు యోహాను తరఫున వాదించాను. చర్చికి వెళ్తున్నారన్న కోపంతో అతని భార్య సుక్రిని ఆమె అన్న పుట్టింటికి లాక్కుపోయాడు. ఎవరి దేవుణ్ణి వాళ్లు కొలుచుకోవచ్చని రాజ్యాంగమే చెబుతోందంటే ఎవరికీ పట్టలేదు. పైగా, పాస్టరు ప్రార్థనతో చేసింది అసలు పెళ్లే కాదని ఆ అన్న వాదన.

"అయితే ఆ రోజు నువ్వు చర్చికెందుకు వెళ్లావు?" అని సాక్షిగా నిలబడ్డ ఆ అన్ననే అడిగాను.

"బోజనాలకి బాబూ. మేకని నానే కోసినాను."

"ఏం భోజనాలు?"

"మా సెల్లి పెళ్లి బోజనాలు."

కోర్టంతా నవ్వింది. తీర్పు చెప్పాల్సిన ఆఫీసరుగారూ నవ్వారు. నవ్వి, పెళ్లి సంగతి ఇంకా విచారించాలంటూ వాయిదా వేశారు. అందాకా సుక్రి అన్న దగ్గరే ఉండాలట!

బయటికి రాగానే ఆమె నన్ను నిలదీసింది: "నా ఇంటికి నానెల్లడానికి వాయిదా ఏటి బాబూ?"

ఆ మేక ఎప్పుడో అరిగిపోయింది, సరే. పెళ్లి కూడా అరిగిపోయిందా? తెలిసినవాళ్లెవరైనా చెప్పండి!