మిషన్‌ను బాగుచేయమన్న అత్త

సెలవుకు ఇంటికి వస్తున్నాను. బళ్లారి దగ్గర హగరి స్టేషన్లో రైలు ఆగి ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "అత్త పోయింది పాపా. పొద్దున కాఫీ తీసుకపోయి లేపితే లెయ్యలే," అంది. కిటికీ అవతల ఏటి ఇసుక మీద పొగమంచు మెల్లగా కదులుతోంది. రైలు ఎప్పుడు బయలుదేరిందో నాకు తెలియలేదు.

బళ్లారి కంటోన్మెంటులో మా పక్కిల్లు ఆమెది. చుట్టరికం లేకపోయినా వీధి మొత్తానికి ఆమె అత్తే. చిన్నప్పుడే పోలియోతో రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. జీన్స్ యూనిట్ నుంచి కట్టలుగా వచ్చే ప్యాంటు ముక్కలకు ఇంట్లో కూర్చుని జేబులు కుట్టేది. కాలితో తొక్కే వీలు లేదు కనుక చేతి మిషనే. కుడిచేత్తో పిడి తిప్పుతూ, అంత మందపు గుడ్డనూ ఎడమచేత్తోనే నెట్టాలి. సాయంత్రానికి మణికట్టు వాచేది. వేడి ఉప్పునీళ్లలో చెయ్యి ముంచి, రేడియోలో కన్నడ పాటలు వింటూ, కళ్లు మూసుకుని కూర్చునేది.

ఇంజనీరింగ్ మూడో ఏట, వికలాంగులకు పనికొచ్చే పరికరం ఒకటి తయారుచేయమని మాకు ప్రాజెక్టు ఇచ్చారు. ఇద్దరు స్నేహితురాళ్లతో అత్త దగ్గరికి వెళ్లాను. కాళ్లకు తొడిగే ఇనుప చట్రం బొమ్మ గీసి గర్వంగా చూపించాం. ఆమె నవ్వింది.

"బొమ్మ బాగుండాది. నా కాళ్ల జోలికి యాల పోతారు? అవి నలభై ఏండ్లుగా ఇట్లే ఉండాయి. మిషన్‌ను బాగుచేయండి, సాకు, అంతే చాలు."

నా కాళ్లు చున్నీతో కట్టి, ఒక పూటంతా తన మిషన్ ముందు కూర్చోబెట్టింది. రెండో జేబుకే నా భుజం పట్టేసింది. "ఇప్పుడు గీయి పాపా బొమ్మ," అంది.

మిషన్‌కు మోటారు పెట్టి, కాలి పెడల్ బదులు మోచేతి కింద మీట అమర్చాం. మూడు రోజులు బాగానే నడిచింది. నాలుగో రోజు గుడ్డ సర్దుతుంటే పొరపాటున మోచెయ్యి మీటకు ఆనింది. సూది ఆమె చూపుడువేలిలో దిగింది. ఇక మానేస్తామని ఏడ్చాను. వేలికి గుడ్డ చుట్టుకుంటూ ఆమె ఏదో ఆలోచిస్తోంది.

"సూది దిగినప్పుడు నేనేం చేసినానో చూసినావా?"

"అరిచినావత్తా."

"అది గాదే. వెనక్కి పోయినా. భయమైతే ఒళ్లు వెనక్కి పోతాది. కుట్టేటప్పుడు ముందుకు వంగుతాది. ఆ మీట బల్ల అంచుకు పెట్టండి. నేను ఆనుకుంటే తిరగాల, వెనక్కి పోతే నిలవాల."

మా పుస్తకాల్లో ఎక్కడా లేని సంగతి అది.

కాలేజీ ప్రదర్శనలో కన్నడ బోర్డు మీద మా ముగ్గురి పేర్లు పెద్దగా రాశారు. అట్టడుగున 'ఫలానుభవి', అంటే లబ్ధిదారు, అని ఆమె పేరు. మూడు చక్రాల బండిలో కూర్చుని ఆమె దాన్ని నిదానంగా చదివింది.

"ఆలోచన ఎవరిది సార్?" అని మా మాస్టారిని అడిగింది.

"తయారుచేసినోళ్ల దగ్గర విద్యార్థుల పేర్లే ఉండాలమ్మా. రూలు అట్లుండాది."

"అట్లయితే నా మిషన్ నేను తీసుకపోతా సార్."

గొంతు పెంచలేదు. మాస్టారు తన జేబులోని పెన్ను తీసి నా చేతికిచ్చారు. ఆమె పేరు మా పేర్లకన్నా పైన రాశాను. ఇప్పుడు నా ఉద్యోగం ఇలాంటి పరికరాలు గీయడమే. వాడబోయే మనిషి పక్కన కూర్చోకుండా ఒక్క గీతా గీయను. అది ఆమె పెట్టిన అలవాటు.

అంత్యక్రియలయ్యాక ఆమె గడప మీద కాసేపు కూర్చున్నాను. బల్ల అంచుకు మీట సరిగా కుదిరిన మధ్యాహ్నం కళ్లముందుకొచ్చింది. మీట గొడవ లేకుండా మొదటిసారి ఆమె రెండు చేతులూ గుడ్డ మీదే ఉన్నాయి. రెండు జేబులు కుట్టింది. మూడోది తీసుకోలేదు. కత్తిరించగా మిగిలిన జీన్స్ పీలికలు ఒళ్లో వేసుకుని, ఒకదాని కొసకు ఒకటి కుట్టడం మొదలుపెట్టింది. "ఎంత దూరం పోతాదో చూద్దాం పాపా," అంది. నీలం పట్టీ బల్ల దిగింది, నేల మీద సాగింది, గడప దాటింది. అమ్మ వచ్చి దాని కొస పట్టుకుని వీధిలోకి నడిచింది. ఎదురింటామె అమ్మ చేతిలోంచి అందుకుంది. లోపల మిషన్ చప్పుడు ఆగడం లేదు. వేపచెట్ల నీడల్లోంచి ఎండలోకి, ఎండలోంచి నీడలోకి, ఆ నీలం పట్టీ వీధి మలుపు దాకా మెల్లగా పోతూనే ఉంది.