ఎర దగ్గరికి రాని పిట్టలు

మా పెద్దబాపు పోయాడన్న కబురు నాకు సముద్రం ఒడ్డున, చేపల రేవులో అందింది. పొద్దున ఏడు గంటలప్పుడు పడవలు ఒడ్డుకు చేరుతున్నాయి. వాటి మీద తెల్లటి గల్ పక్షులు గోలగోలగా తిరుగుతున్నాయి. నేను బైనాక్యులర్ పట్టుకుని ఏ పిట్ట ఎక్కడ వాలుతుందో రాసుకుంటున్నాను. భూపాలపల్లి నుంచి మా నాయిన ఫోన్ చేశాడు. "బిడ్డా, పెద్దబాపు పోయిండు. చాయ్ తాగి మంచంల ఒరిగిండట, మల్ల లేవలే" అన్నాడు. సరే అని ఫోన్ పెట్టేసి, ఇంకో పది నిమిషాలు రాస్తూనే ఉన్నాను. ఆ పేజీలో ఏం రాశానో తర్వాత చూస్తే ఒక్క అక్షరం అర్థం కాలేదు.

ఆయన మా నాయినకు అన్న. నాయిన బొగ్గుబావిలో పని దొరికి భూపాలపల్లి క్వార్టర్లకు పోతే, పెద్దబాపు దేవరుప్పుల పక్కన మా ఊళ్లోనే ఉండి చెరువును నమ్ముకున్నాడు. చేపల సొసైటీ వాళ్లు వానాకాలం తెచ్చిన చేప పిల్లలను ముందు చెరువు పక్కన చిన్న కుంటలో పెంచుతారు. అవి జానెడు పొడుగు అయ్యేదాకా పిట్టల బారిన పడకుండా కాపలా కాయాలి. ఆ కాపలా పెద్దబాపుది. చేతిలో రాళ్లు విసిరే వడిశెల, నోట్లో బీడీ, మెడలో ఆకుపచ్చ తువ్వాల. దసరా సెలవులొస్తే నేను ఆ కుంట గట్టు మీదే ఉండేదాన్ని.

విచిత్రం ఏమిటంటే, కాపలా కాసే మనిషి వడిశెల తిప్పేది చాలా తక్కువ. నల్లటి నీటికాకులు గుంపుగా వచ్చి చెరువు మీద వాలితే చూస్తూ కూర్చునేవాడు. నాకు ఆగేది కాదు. "కొట్టవేంది పెద్దబాపూ, అన్ని మింగుతున్నయి!" అంటే విసుక్కునేవాడు.

"అన్నిటినీ ఎందుకు కొడ్తవే? కుంటలకు దిగేటియి రెండే. గా తోక కురుచది ఒకటి, గీ మెడ మీద తెల్ల మచ్చది ఒకటి. కడమయి చెరువు నడుమ వాటి తిండి అవి తింటయి. మనుషుల్లెక్కనే, పిట్టకో గుణం."

ఆయన చెప్పినట్టే రెండే దిగేవి. వడిశెల వాటి కోసమే లేచేది. మిగతా పిట్టలు తమకేం పట్టనట్టు మునిగి లేస్తుండేవి.

ఒక ఏడు సొసైటీ వాళ్లకు ఈ పద్ధతి నచ్చలేదు. ముసలాయన నిద్రపోతున్నాడనుకున్నారు. రెండు రోజులు గట్టు పొడుగునా పటాకులు కాల్చారు. గుంపు గుంపంతా లేచి పక్క ఊరి చెరువుకు పోయింది, ఆ రెండు తప్ప. ఆ రెండూ మర్నాటికల్లా పటాకుల చప్పుడుకు అలవాటు పడి, పోటీ లేని కుంటలో తీరిగ్గా మేశాయి. పెద్దబాపు బీడీ ముట్టించుకుని, "పోవాల్సినయి ఉన్నయి, ఉండాల్సినయి పోయినయి" అని మాత్రం అన్నాడు. ఆ మాట సొసైటీ వాళ్లకు తిట్టు కంటే గట్టిగా తగిలింది.

ఆ తువ్వాల సంగతి కూడా చెప్పాలి. పీలికలైనా మార్చేవాడు కాదు. పెద్దమ్మ కొత్తది కొనిపెడితే పెట్టెలో దాచాడు. "తువ్వాల మారిస్తే పిట్టలు నన్ను గుర్తు పట్టయి. మల్ల కొత్తగ సురువు చెయ్యాలె" అనేవాడు. ఆయన పిసినారితనానికి అది సాకు అనుకున్నాం. ఇప్పుడు నేను సముద్రం ఒడ్డున మూడేళ్లుగా ఒకటే బూడిద రంగు చొక్కా వేసుకుంటున్నాను. తోటి విద్యార్థులు నాకు వేరే బట్టలు లేవనుకుంటారు.

జంతుశాస్త్రం చదివి పరిశోధనకు చేరానంటే కారణం ఆ గట్టే. సముద్రపు పిట్టల్లో ఒక్కోదానికి ఒక్కో స్వభావం ఉంటుందా, ఉంటే దాన్నిబట్టి తిండి వెతుక్కునే తీరు మారుతుందా అన్నది నా అంశం. పెద్దబాపుకు చెప్తే పకపక నవ్వాడు. "గిది సదువుడు గూడనా? దీనికి పట్టా ఇస్తరా?" అన్నాడు. ఆ తర్వాత ఊళ్లో కనిపించిన ప్రతివాడికీ, తనకు తెలిసిన విద్యకే బిడ్డ డాక్టర్ అవుతుందని చెప్పుకున్నాడట.

కిందటేడు నన్ను చూడటానికి రేవుకు వచ్చాడు. సముద్రం చూడటం అదే మొదలు. కాసేపు చూసి, "పెద్దదే" అని ఊరుకున్నాడు. ఆయన మాట విన్న పడవ మనిషి ఒకాయన నవ్వి, "అచ్చం సినిమాల్లో లాగే మాట్లాడుతున్నారండీ!" అన్నాడు. పెద్దబాపు ఏమాత్రం తగ్గకుండా, "సినిమావోల్లే మా తీరు మాట్లాడుతరు నాయినా. గది గూడ సక్కగ రాదు వాల్లకు" అన్నాడు. సాయంత్రానికి ఇద్దరూ ఒకే పడవ అంచు మీద కూర్చుని బీడీలు కాలుస్తున్నారు.

మర్నాడు నా పని చూపించాను. కాళ్లకు రంగు కడియాలు తొడిగిన పిట్టలను చూపించి, దేని వరస ఏమిటో గర్వంగా చెప్పాను. అప్పటికి నా పరిశోధన గ్రంథం దాదాపు పూర్తయింది. ఈ తీరం గల్ పక్షులన్నీ తెగువ గలవి, పడవల వాళ్లు పారేసే చేపల మీదే బతుకుతాయి, పడవలు ఆగితే పస్తులే అని రాశాను. పెద్దబాపు అంతా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"వీటిని ఎట్ల పట్టినవే?"

"ఇసుకల వల దాచి, చేప ముక్కలు చల్లి పట్టినం."

"అంటే ఆశకు, తెగువకు వచ్చినయే వలల పడ్డయి. ఎరకు రానియ్యి సంగతేంది?"

కడియాల పట్టిక మళ్లీ తిరగేశాను. నేను కడియాలు తొడిగినవన్నీ మా కుంటలోకి దిగే ఆ రెండింటి లాంటివే. మిగతా గుంపును నేను చూడనే లేదు. చూడకుండానే "అన్నీ" అని రాశాను. పటాకులు కాల్చిన సొసైటీ వాళ్లకూ నాకూ తేడా ఏముంది? చచ్చేంత కోపం వచ్చింది. నా మీద అని రాసుకుంటే బాగుంటుంది కానీ, ఆయన మీదే వచ్చింది. ఆ పూట ఆయనతో మాట్లాడలేదు.

ఈ పిట్టలు తీరానికి వచ్చే చలికాలం ఇంకొకటి మొత్తం పని చేస్తే తప్ప ఆ తప్పు దిద్దలేను. బిడ్డ డాక్టర్ అయిపోయిందని మా నాయిన క్వార్టర్లలో అందరికీ అప్పటికే చెప్పేశాడు. "పెద్ద పెద్ద సార్లే అడగంది ఆయన అడిగితే నువ్వు ఆపుతవా? ఇచ్చెయ్యి బిడ్డా" అని ఫోన్‌లో బతిమాలాడు. నిజమే, ఎవరూ అడగకపోవచ్చు. ఆ మాటే పెద్దబాపుతో అన్నాను. ఆయన చెప్పుల్లో ఇసుక దులుపుకుంటూ, "ఎవ్వలు అడుగకపోదురు. గని నీకు ఎరుకైంది గద" అన్నాడు. ఇక ఇవ్వలేకపోయాను. మా గైడ్ మేడమ్ కూడా "మళ్లీ మొదలుపెట్టు" అన్నారు.

ఈ చలికాలం వల ముట్టలేదు. పెద్దబాపు పద్ధతే పట్టాను. ముక్కు మీది మచ్చ, విరిగిన ఈక, కుంటే కాలు చూసి ఒక్కోదాన్ని గుర్తు పెట్టుకున్నాను. మనిషి ఎంత దూరంలో ఉండగా లేచిపోతుందో అడుగులతో కొలిచాను. పెద్దబాపు వారం వారం ఫోన్ చేసేవాడు. "రానియ్యి ఏం తింటున్నయే?" అదే ప్రశ్న. పోయిన నెలకు జవాబు దొరికింది. దొరికిందని చెప్పాను కానీ జవాబు చెప్పలేదు. "ఊరికొచ్చి ఎదురుంగ కూసోని చెప్త" అన్నాను. ఆయన మొహం ఎట్లా వెలుగుతుందో చూడాలని నా ఆశ. "సరే తీయ్, నాకేం తొందర" అన్నాడు. ఆ ఆలస్యానికి నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు.

ఆయన పోయిన మూడో రోజు మా ఊళ్లో చెరువు వెనక పిట్టకు పెట్టారు. ఆయనకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి అందరూ పక్కకు జరిగారు. పిట్ట వచ్చి ముడితేనే పోయినాయన తృప్తి పడ్డట్టు. కాకులు కరెంటు తీగ మీద ఉన్నాయి, దిగవు. అంతమంది చుట్టూ ఉంటే ఏ కాకి మాత్రం దిగుతుందని నా చదువుకు తెలుసు. కానీ పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నిన్ను ఏదో అడిగిండు గదనే. పోరి వచ్చి చెప్తదట అని మా పానం తీసిండు. చెప్పు. గది ఇనకుండ ఎట్ల పోతడు?"

ఊరంతా చూస్తుండగా విస్తరి ముందు కూర్చున్నాను. మొదట సిగ్గేసింది. తర్వాత వేయలేదు.

"పెద్దబాపూ, రానియ్యి ఆకలితోని లెవ్వు. సముద్రంల నీళ్లు ఎనుకకు పోయినంక ఏరు కలిసే కాడ బురద తేలుతది. గాడ ఒక్కొక్కటే నడుసుకుంట పురుగులు ఏరుకుంటున్నయి. మనిషిని చూస్తే సగం ఫర్లాంగు ముందే లేస్తయి, గందుకే నాకు కనవడలే. తుఫానుకు పడవలు ఆగితే, తెగువ ఉన్నయి తిండి లేక ఇసుకల పడి తిరిగినయి. ఇయ్యి మాత్రం ఎప్పటి తీరే తిన్నయి. నేను రాసింది తప్పు. మంచిగ రాస్త."

లేచి వెనక్కి వచ్చాను. నాతో పాటు జనం కూడా ఇంకాస్త వెనక్కి జరిగారు. కాసేపటికి ఒక కాకి దిగి, పక్కకు పక్కకు నడిచి, గుడ్డు ముక్క నోట కరుచుకుంది. "ముట్టింది, ముట్టింది" అన్నారు అందరూ. ఆడవాళ్లు కళ్లు తుడుచుకుని గిన్నెలు సర్దుకున్నారు. మా నాయిన నా తల మీద చెయ్యి వేసి ముందుకు నడిచాడు.

నేను నిలబడిపోయాను. తీగ చివర ఇంకో కాకి ఉంది. విస్తరి వైపు చూడను కూడా లేదు. అందరూ గట్టు దిగిపోయాక అది లేచి, కోసిన మడి మీదుగా తక్కువ ఎత్తులో ఎగిరి, తడి మట్టిలో దిగి, ఒక్కో గడ్డ పక్కకు దొర్లించి కింద ఏముందో చూసుకుంటూ పోతూ ఉంది.